రోలాండు కొమ్ము

క్రీస్తుశకము 778వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఫ్రాంకుల రాజైన షార్లెమేన్ స్పెయిను దండయాత్రనుండి స్వదేశమునకు మరలుచుండగా, పిరెనీసు పర్వతములలోని యొక యిరుకు కనుమయందు అతని సేనకు వెనుకభాగమున నడచుచున్న దళమును బాస్కులను కొండజాతివారు పొంచియుండి చుట్టుముట్టి హతమార్చిరి. ఆ దండయాత్రయే సఫలమైనది కాదు. తోడ్పడుమని పిలిచిన ముసల్మాను అధికారి మాట చెల్లలేదు. సారగోసా నగరము తలుపులు తెరవలేదు. రాజు కోరినది దొరకక మరలుచు, త్రోవలో బాస్కులదైన పాంప్లోనా పట్టణపు ప్రాకారమును పడగొట్టించెను. పట్టణము పోగొట్టుకొన్నవారు కనుమలో కాచుకొనియుండుట వింత కాదు.

షార్లెమేన్ చరిత్రను వ్రాసిన ఐన్‌హార్డు ఈ వృత్తాంతమును కొన్ని వాక్యములలో ముగించినాడు. చనిపోయిన ప్రముఖులలో ముగ్గురి పేర్లు చెప్పినాడు. ఆ ముగ్గురిలో కడపటివాడు బ్రిటనీ సరిహద్దునకు అధికారియగు రోలాండు. అతనిని గూర్చి చరిత్రకారుడు చెప్పినది ఆ పేరును ఆ పదవియు మాత్రమే. దాని తరువాత ఐన్‌హార్డు మరియొక మాట చెప్పినాడు, అది మనకు ముఖ్యము: శత్రువులు సామగ్రిని దోచుకొని, క్రమ్ముకొనుచున్న చీకటిని అండగా చేసికొని నలుదెసలకు చెదరిపోయిరట, ఎక్కడ వెదకవలెనో తెలియనందున ఆ పరాభవమునకు ప్రతీకారము చేయుటకు వీలులేకపోయినదట.

మూడువందల యేండ్లు గడచినవి. 1100 ప్రాంతమున, అనగా పోపు రెండవ అర్బను 1095లో క్లెర్మాంటు నగరమున ధర్మయుద్ధమునకు పిలుపిచ్చిన దినములలో, ఈ చిన్న యపజయము ప్రాచీన ఫ్రెంచిభాషలో 4002 చరణముల మహాకావ్యమై వెలసినది. దాని ప్రతులలో ప్రాచీనతమమైనది ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్నది. ఫ్రాంసిస్క్ మిషెల్ అను పండితుడు 1837లో దానిని అచ్చువేయువరకు దాని యునికి కొలదిమందికే తెలియును. మూలభాష నాకు రాదు. ఆంగ్లానువాదముల మూలమున చదివినవాడను; కనుక శబ్దసౌందర్యమును గూర్చి మాటాడుటకు నాకు అధికారము లేదు. కథయందలి ధర్మమును గూర్చి మాత్రమే నాలుగు మాటలు వ్రాయదలచితిని.

కవి మార్చినవి చాల కలవు. బాస్కులు పోయి లక్షలకొలది సారసెనులు, అనగా ముసల్మానులు, వచ్చిరి. నలుబదియేండ్లైనను నిండని రాజు రెండువందలయేండ్లు దాటిన తెల్లగడ్డపు చక్రవర్తి యైనాడు. కనుమలోని మెరుపుదాడికి కారణముగా ఒక ద్రోహి, రోలాండునకు మారుతండ్రియైన గానెలోను, కల్పింపబడినాడు. ఇవన్నియు ఏ దేశపు గాథయందైనను జరుగు మార్పులే. నన్ను నిలువబెట్టి ఆలోచింపజేసినది మరియొక మార్పు. కావ్యమున షార్లెమేన్ రొంసెవో కనుమకు తిరిగివచ్చునప్పటికి తనవారందరు చచ్చిపడియుందురు; శత్రువులు పారిపోవుచుందురు; ప్రొద్దు క్రుంకుచుండును. వృద్ధచక్రవర్తి పచ్చికపై మోకరిల్లి ప్రార్థించును. సూర్యుడు ఆకసమున నిలిచిపోవును. ఆ వెలుతురులో ఫ్రాంకులు శత్రువులను తరిమి ఎబ్రో నదిలో ముంచివేయుదురు.

చరిత్రలో శత్రువులను కాపాడినది రాత్రి. కావ్యమున దేవుడు ఆపినది ఆ రాత్రినే. ఐన్‌హార్డు గ్రంథమును కవి చదివెనో లేదో నిశ్చయింపలేము. కాని చరిత్ర ఎచ్చట చేతులు ముడుచుకొని నిలిచినదో సరిగా అచ్చటనే అద్భుతము అడుగుపెట్టినది. మానవుడు తీర్చుకొనలేకపోయిన పగను దైవము తీర్చవలెననెడి కోరికయే ఇచట సూర్యుని నిలిపినది. ఇది భక్తియా, తీరని యవమానపు బాధయా అని ప్రశ్నించినచో రెండునని చెప్పవలసియుండును. అద్భుతములను వట్టి బూటకములని త్రోసివేయువారును, అక్షరాల నమ్మువారును గూడ ఒక్క సంగతి విస్మరింతురు: ఒక జాతి ఏ యద్భుతమును కల్పించుకొన్నదో చూచినచో, దాని గాయము ఎచ్చటనున్నదో తెలియును.

ఇంకొక విశేషము. ఈ కావ్యమున దైవసాహాయ్యము ఎప్పుడు వచ్చును, ఎప్పుడు రాదు అని లెక్క చూచితిని. చక్రవర్తికి కలలు వచ్చును. గానెలోను ద్రోహము ఆ కలలలో సూచింపబడును. ఆయన కన్నీరు కార్చుచు మంత్రితో ఆ మాట చెప్పుకొనును. కాని మేనల్లుని వెనుకదళమునుండి మరలింపడు. రోలాండు మరణింపబోవుచుండగా ఫ్రాన్సుదేశమంతట పట్టపగలు చీకటి క్రమ్మును, పిడుగులు పడును, భూమి కంపించును. లోకాంతమని జనులు భయపడుదురు. కాని ఆ పిడుగులలో ఒక్కటియు సారసెనుల మీద పడదు. రోలాండు చనిపోవునప్పుడు దేవదూతలు దిగివత్తురు. ఆత్మను స్వర్గమునకు కొనిపోవుటకే గాని ప్రాణమును నిలుపుటకు కాదు. సూర్యుడు ఆగుట ప్రతీకారమునకు, రక్షణమునకు కాదు. కడపట బాలిగాంటు అను తురక చక్రవర్తితో ద్వంద్వయుద్ధమున షార్లెమేన్ తూలి పడబోవునప్పుడు గాబ్రియేలు వచ్చి ఏమి చేయుచున్నావని అడుగును, అంతే. కత్తి పట్టుకొని కొట్టవలసినవాడు ఆ ముసలివాడే. దైవము చూచును, దుఃఖించును, హెచ్చరించును, చచ్చినవానిని గౌరవించును. బ్రదికియున్నవాని పని మాత్రము తాను చేయదు. ఇంత కఠినమైన దైవభావము గల కావ్యమును మూఢవిశ్వాసపు కావ్యమని కొందరు తేలికగా అనుటను నేను అంగీకరింపను.

ఆ కాఠిన్యము వలననే కొమ్మును గూర్చిన వివాదమునకు అంత బరువు వచ్చినది. రోలాండు నడుమున ఏనుగుదంతపు కొమ్ము వ్రేలాడుచుండును. ఊదినచో ముందు నడచుచున్న మహాసేన వెనుకకు తిరుగును. అతని మిత్రుడు ఆలివరు కొండయెక్కి చూచి దిగివచ్చినాడు. మనము ఇరువదివేలమందిమి, ఎదుట లక్షమంది యున్నారు, కొమ్మునూదుమని ముమ్మారు అడిగినాడు. ముమ్మారును రోలాండు నిరాకరించినాడు. ఊదినచో తన కీర్తి పోవునట, తన బంధువులకు తలవంపులట, ఫ్రాన్సుదేశమునకు అప్రతిష్ఠయట. ఆలివరు మాట యేమనగా, ఇంత పెద్దసేనను చూచి సాయమును పిలుచుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదని. అప్పుడు కవి ఒకడు పరాక్రమవంతుడు, ఒకడు వివేకి, ఇరువురును వీరులే అని తూచి చెప్పి, తీర్పు చెప్పక దాటిపోవును.

నేను ఈ కథను బడిపిల్లలకు ఒకమారు చెప్పితిని. అందరు రోలాండునే మెచ్చుకొనిరి. ఒక్క పిల్లవాడు మాత్రము లేచి, మిగిలిన ఇరువదివేలమందిని ఎవరైనను అడిగిరా అండి అని ప్రశ్నించినాడు. నేనేదో చెప్పి కూర్చుండబెట్టితిని. నా సమాధానము అతనికి తృప్తి కలిగింపలేదని ఎరుగుదును, నాకును కలిగింపలేదు. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు బీజము.

తనకొక్కనికే కీడు కలుగునప్పుడు ప్రాణమును తృణముగా చూచుట వీరము. ఇరువదివేల ప్రాణములు తన యధీనములో నున్నప్పుడు తన కీర్తికై వానిని ఒడ్డుట యేమి? మన ఆలంకారికులు వీరరసమునకు ఉత్సాహము స్థాయి యని చెప్పి, యుద్ధవీరునితోపాటు దానవీరుని, ధర్మవీరుని, దయావీరుని గూడ చేర్చిరి. ఆ విభాగమును వట్టి పాండిత్యవిలాసమని కళాశాలలో చదువుకొను రోజులలో అనుకొంటిని. ఇప్పుడు దాని ప్రయోజనము తెలియుచున్నది. ఉత్సాహమొక్కటే చాలదు, అది దేనిని గూర్చినది యని అడుగుటకు ఆ విభాగము తావిచ్చును. రోలాండు యుద్ధవీరుడనుటకు సందేహము లేదు. దయావీరుడు కాడనుటకును సందేహము లేదు.

కాని కవి కథను అచ్చట విడువలేదు. ఇరువదివేలలో అరువదిమంది మాత్రము మిగిలినప్పుడు రోలాండు తానే కొమ్మునూదెదనని అనును. ఇప్పుడు వలదనువాడు ఆలివరు. ఆ సంభాషణమును చదివినప్పుడు నాకు ఒడలు గగుర్పొడిచినది. నీవు మొదట నిరాకరించిన మాటలనే ఇప్పుడు నీకు అప్పగించుచున్నానన్నట్లు, ఇప్పుడు ఊదుట సిగ్గుచేటని ఆలివరు ఎత్తిపొడుచును. శౌర్యము వేరు, తెగువ వేరు, మితమెరుగని తెగువకంటె మితమే మేలు, వీరందరు నీ తేలికతనమువలన చచ్చిరని ముఖముమీదనే చెప్పును. తన చెల్లెలు ఓడ్ అను కన్యను రోలాండునకు ఇచ్చుటకు నిశ్చయమైయున్నది. బ్రదికి ఇల్లు చేరినను ఆ పెండ్లి జరుగనీయనని శపథము చేయును. ఇంత మాటకు రోలాండు ఇచ్చు ప్రత్యుత్తరము ఏమి? నామీద నీకెందుకింత కోపమని అడుగుటయే. ఆ తరువాత అతని యొద్ద మాటలు లేవు. ఆర్చిబిషప్పు టర్పిన్ వారిని సమాధానపరచుచు, కొమ్ము ఇక మనలను రక్షింపజాలదు, అయినను ఊదుము, రాజు వచ్చి పగదీర్చును, మన శవములను తోడేళ్లు, కుక్కలు, పందులు తినకుండ పూడ్చును అని చెప్పును. అంతట రోలాండు ఊదును. ఎంత బలముగా ఊదుననగా, కణతలోని నరములు తెగి నోట నెత్తురు వెడలును. ముప్పది కోసుల దూరమున రాజు వినును. గమనింపుడు: అతని శరీరమును శత్రువు కత్తి యేదియు ఛేదింపలేదు. అతనిని చంపినది ఊదవలసిన వేళ ఊదని కొమ్ము.

పిదప ఆలివరు కన్నులలో నెత్తురు నిండి, మనిషిని గుర్తింపలేక రోలాండునే కత్తితో కొట్టును. కావలెనని కొట్టితివా యని రోలాండు మెల్లగా అడుగును. నీ మాట వినబడుచున్నది గాని నీవు కనబడుటలేదని ఆలివరు చెప్పి క్షమింపుమనును. ఇరువురు ఒకరికొకరు తలలు వంచుకొందురు. వాదములో ఓడినవాడు క్షమించుట, గెలిచినవాడు క్షమాపణ కోరుట! కవి తీర్పు చెప్పలేదని పైన అంటిని. బహుశః ఇదియే అతని తీర్పు.

ఇక విశ్వాసము. టర్పిన్ సైనికులను మోకరిల్లజేసి పాపవిముక్తి నొసగును. ప్రాయశ్చిత్తముగా వారికి విధించినది శత్రువులను కొట్టుమనుట. క్రైస్తవ సంప్రదాయమున ప్రాయశ్చిత్తమనగా ఉపవాసము, ప్రార్థన, దానము, తీర్థయాత్ర. నరహత్యయే ప్రాయశ్చిత్తమగుట యేసుక్రీస్తు పర్వతప్రసంగమును చదివినవారికి నోట మాట రానీయదు. రోలాండు కత్తియైన దురెందాల్ పిడిలో సెయింటు పీటరు దంతము, మరియమ్మ వస్త్రపు ముక్క మొదలైన పవిత్రావశేషములు కలవు. మరణకాలమున అతడు దానిని రాతిపై కొట్టి విరుగగొట్టజూచును. రాయి చెదరునే గాని కత్తి విరుగదు. విశ్వాసము ఆయుధములో చేరిన పిదప దానిని విరుచుట దానిని పట్టినవాని తరము గూడ కాదని కవి యెరిగియే వ్రాసెనా యని అప్పుడప్పుడు అనుకొందును. అది నా యూహ మాత్రమే.

శత్రువుల మతమును వర్ణించుటలో కవి యజ్ఞానము హాస్యాస్పదము. ముసల్మానులు మహమ్మదు, అపోలిన్, తెర్వగాన్ అను మూడు విగ్రహములను పూజింతురట. ఓడిపోయినప్పుడు ఆ విగ్రహములను కొట్టి, మహమ్మదు ప్రతిమను పందులును కుక్కలును తిరుగు గుంటలో పడవేయుదురట. విగ్రహారాధనను నిషేధించుటయే ప్రాణముగాగల మతమును గూర్చి వ్రాసిన మాటలివి! తన కాలమున స్పెయినులోనే లక్షలమంది ముసల్మానులు నివసించుచుండగా, ఒక్కనినైనను అడిగి తెలిసికొనలేదు. తెలిసికొనుట కష్టమగుటచే కాదు, అక్కర లేకుండుటచే. క్రైస్తవులది ధర్మము, వారిది యధర్మము అని రోలాండు ఒకేమాటలో తేల్చినాడు గదా. తేలిపోయినదానిని గూర్చి విచారణ యేల? అయినను కవి హృదయము కవి సిద్ధాంతమునకు పూర్తిగా లొంగలేదు. బాలిగాంటు ఠీవిని వర్ణించుచు, ఇతడు క్రైస్తవుడైనచో ఎంతటి వీరుడని నిట్టూర్చును. ఆ నిట్టూర్పులో సిద్ధాంతము పగులుబారినది. ఎదుటివానియందు వీరుని చూడగలిగినవాడు మనుష్యుని చూచుటకు ఇంకెంతో దూరము లేదు. కాని ఆ దూరమును కవి నడువలేదు.

సారగోసా పట్టువడినప్పుడు ఫ్రాంకులు సుత్తెలతో యూదుల మందిరములను, మసీదులను పగులగొట్టుదురు. లక్షకు పైబడిన జనులకు బాప్తిస్మమిప్పింతురు. ఒప్పుకొననివారిని ఉరితీయుటో, కాల్చుటో, నరుకుటో చేయుదురు. ఇది కల్పన యని ఊరడిల్లుటకు వీలు లేదు. నిజమైన షార్లెమేన్ సాక్సనులపై యుద్ధములు చేసి, బాప్తిస్మమును తప్పించుకొనువానికి మరణదండన విధించు శాసనము చేసినాడు. 782లో వెర్డెన్ అనుచోట ఒక్కదినమున 4,500 మంది సాక్సనుల తలలు తీయించినాడని ఆ రాజ్యపు వృత్తాంతములే చెప్పుచున్నవి. ఆయన కొలువులోనే అల్క్విన్ అను ఆంగ్లేయ పండితుడుండెను. మనుష్యుని బాప్తిస్మమునకు బలవంతముగా లాగవచ్చును గాని విశ్వాసమునకు లాగలేము, విశ్వాసము ఇచ్ఛకు సంబంధించినది గాని బలాత్కారమునకు కాదు అని 796 ప్రాంతమున ఆయన జాబులు వ్రాసెను. కనుక ఆ కాలపువారికి ఇంతకంటె తెలియదు పాపమని మనము క్షమించుట పొరపాటు. తెలిసినవాడు రాజు ప్రక్కననే యుండెను. కత్తి చేతనున్నవానికి వినుటకు తీరిక లేకపోయినది.

ఆశ్చర్యమేమనగా, కావ్యము గూడ అల్క్విన్ మాట విన్నట్లు ఒకచోట నడచినది. సారగోసా రాణి బ్రామిమోండును మాత్రము బలవంతపెట్టరాదని, ఆమె ప్రేమవలననే మతము స్వీకరింపవలెనని చక్రవర్తి కోరి తనవెంట కొనిపోవును. చెరపట్టబడిన స్త్రీకి స్వేచ్ఛ యెంతటిదను ప్రశ్న యుండనే యున్నది. అయినను ఒక్కరి విషయమున తెలిసిన ధర్మము లక్షమంది విషయమున తెలియకపోవుట కేవల మజ్ఞానము కాదు.

గానెలోను విచారణ ఈ కావ్యమున నాకు మిక్కిలి ప్రియమైన భాగము. ద్రోహి తన పక్షమును చక్కగా వాదించును: రోలాండు నాకు కీడు చేసినాడు, రాజు సమక్షముననే అతనికి వైరము ప్రకటించితిని, పగదీర్చుకొంటిని, ఇందు ద్రోహము లేదు. ఆ కాలపు ఆచారమున ఈ వాదమునకు బలమున్నది. అతని బంధువగు పినబెల్ మహాబలుడు. సామంతులు భయపడి, పోనిమ్మని రాజుతో చెప్పుదురు. తియెరీ అను సన్నని యువకుడొక్కడు లేచి, రోలాండు ఏ తప్పు చేసినను ఆనాడు నీ కొలువులోనుండెను, ఆ కొలువే అతనికి రక్ష కావలసియుండెను అని చెప్పును. ఇంత సూక్ష్మమైన న్యాయము ఎదుటనున్నను వారు దానిని విచారింపరు. ఇరువురిని కత్తులతో పోరనిచ్చి దేవుని తీర్పునకై ఎదురుచూతురు. తియెరీ గెలుచును. గానెలోనును నాలుగు గుఱ్ఱములకు కట్టి చీల్చుదురు. పూటగా నిలిచిన ముప్పదిమంది బంధువులను ఉరితీయుదురు. తియెరీ ఓడినచో అతని వాదము అబద్ధమైపోయెడిదా? తుల, అగ్ని, జలము, విషము, కోశము అని దివ్యపరీక్షలను విధించిన యాజ్ఞవల్క్యుని చదివిన మనకును ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఐరోపాలో 1215లో లాటెరన్ మహాసభ అగ్నిజలపరీక్షలకు పురోహితులు మంత్రములు చదువరాదని శాసించినది. ఇట్టి పరీక్షలవలన న్యాయము తెలియునని నమ్మినవారు భక్తులే. వలదని శాసించినవారును భక్తులే.

కాలము గడచినకొలది ఈ గాథలలోని దైవము మెత్తబడినది. పదుమూడవ శతాబ్దపు హ్యువోన్ గాథలో ఓబెరోన్ అను మరుగుజ్జు మాయారాజు కథానాయకునకు ఒక దంతపుకొమ్మునిచ్చును. దానిని ఊదినచో లక్షమంది యోధులు క్షణములో ప్రత్యక్షమగుదురు. హ్యువోన్ ఆపద లేకయే, నిజముగా వత్తురో రారో చూతమని ఊదును. తరువాత అబద్ధమాడుటచే ఆ సాయమును పోగొట్టుకొనును. చదువుటకు సొగసైన కథ. కాని ఊదగనే సైన్యము వచ్చునట్టి కొమ్ము చేతనున్నవాని ధైర్యమును గూర్చి మనకు బెంగ యుండదు. రోలాండు కొమ్మునకు మనుష్యులే రావలెను, గుఱ్ఱములపై రావలెను, ముప్పది కోసులు రావలెను, ఆలస్యమైనచో ఆలస్యమే.

కడపటి ఘట్టము. పగ తీరినది. ద్రోహి చచ్చినాడు. రోలాండు వార్త విని ఓడ్ కన్య చక్రవర్తి పాదములయొద్ద కూలి ప్రాణములు విడిచినది. తన కుమారుడు లూయీని భర్తగా ఇచ్చెదనన్న రాజు మాట ఆమె చెవికెక్కనేలేదు. రాణి బాప్తిస్మము పొందినది. కావ్యము ఇచ్చట జయధ్వానములతో ముగియవలెను. కాని ఆ రాత్రి చక్రవర్తి నిద్రించుచుండగా గాబ్రియేలు మరల వచ్చి, దూరదేశమున ఒక క్రైస్తవరాజును అన్యులు ముట్టడించినారు, సేనలను కూర్చుకొని పొమ్మని ఆజ్ఞాపించును. వెళ్లుటకు ఆయనకు ఇష్టము లేదు. నా బ్రదుకెంత కష్టమైనదని దేవునితో మొరపెట్టుకొని, తెల్లగడ్డమును పీకికొనుచు, రెండువందలయేండ్ల ఆ ముసలివాడు ఏడ్చును.